వారానికి ఎనిమిది బార్లు!

'ఈ వారం ఎన్ని బార్లు పూర్తిచేశావ్?'

'ఎనిమిది. తొమ్మిదో బార్ దగ్గర పడిపోయాను.'

కంగారుపడకండి. ఇది మందుబాబుల సంభాషణ కాదు. పియానో నేర్చుకుంటున్న ఇద్దరు పెద్దమనుషులు కలిస్తే మాట్లాడుకునే మాటలు. పాశ్చాత్య సంగీతం రాసుకునే కాగితం మీద నిలువుగీతలు ఉంటాయి. ఒక గీతకూ మరో గీతకూ మధ్య ఉన్న ముక్కే బార్. మన తాళంలో ఒక ఆవర్తనం లాంటిదనుకోండి. పదేళ్ల పిల్లలు ఒక్క సాయంత్రంలో పదహారు బార్లు వాయించేసి ఆటకు పరిగెడతారు. నలభై దాటాక పియానో ముందు కూర్చున్నవాళ్లకి మాత్రం ఎనిమిది బార్లంటే ఒక వారం. ఒక్కోసారి రెండు.

అయినా కూర్చుంటున్నారు. లండన్‌లో, న్యూయార్క్‌లో, మన హైదరాబాద్‌లో కూడా. డాక్టర్లు, బ్యాంకు ఉద్యోగులు, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు, రిటైరైన టీచర్లు... ఎవరి ఇంట్లో వాళ్లు వారమంతా కుస్తీపట్టి, వారాంతంలో ఒకరికొకరు లెక్క ఒప్పజెప్పుకుంటారు. ఏం వచ్చింది, ఏం రాలేదు, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది. చిన్నప్పుడు బళ్లో ఎక్కాలు ఒప్పజెప్పినట్టే. కాకపోతే ఇక్కడ బెత్తం ఉండదు. ఆ లెక్కల్లో అందరూ తప్పకుండా చెప్పే మాట ఒకటుంది: 'ఇంట్లో బాగానే వచ్చింది'. ప్రపంచంలో ఏ పియానో టీచరుని కదిపినా, శిష్యుల నోట రోజూ వినేది ఇదేనంటారు. అబద్ధమేం కాదు. ఇంట్లో నిజంగానే వచ్చి ఉంటుంది. పక్కన మనిషి కూర్చునేసరికి వేళ్లు కట్టెలైపోతాయి.

పిల్లలకు ఈ బాధ తక్కువ. తప్పు వాయిస్తే నవ్వేస్తారు, లేదంటే ఏడ్చేస్తారు. అక్కడితో సరి. పాతికేళ్లు ఒక ఉద్యోగంలో ఆరితేరి, పదిమందికి పని నేర్పిన మనిషి ఒక్కసారిగా ఒకటో తరగతిలో కూర్చోవాల్సిరావడం వేరు. సాయంత్రం ఆరింటిదాకా అందరూ 'సార్' అన్న మనిషిని ఏడింటికి ఒక చిటికెనవేలు ధిక్కరిస్తుంది!

ఎడమచేతి పేచీ

పియానోకి 88 మెట్లు. 52 తెల్లవి, 36 నల్లవి. ఇంత పొడవాటిది కాకపోయినా మెట్ల వరస మనవాళ్లకి కొత్తేం కాదు. పద్యనాటకం ఆడిన ప్రతి ఊరికీ హార్మోనియం తెలుసు. తాతల కాలం నాటి పెట్టె ఇంట్లో ఉన్నవాళ్లూ, సాయంత్రాలు భజనలో నాలుగు పాటలు వాయించినవాళ్లూ పియానో ముందు కూర్చోగానే ధీమాగా కుడిచెయ్యి వేస్తారు. పాట పలుకుతుంది. ఇంతేనా అనిపిస్తుంది.

అసలు పేచీ రెండోవారంలో మొదలవుతుంది. హార్మోనియానికి ఎడమచేతి పని తిత్తి కొట్టడం. పియానోలో ఆ చెయ్యి ఊరుకుంటే కుదరదు. కుడిచెయ్యి పాట పాడుతుంటే ఎడమచెయ్యి దానికి తోడుగా వేరే స్వరాలు, వేరే నడకలో వాయించాలి. ఒక చేత్తో చిలుకుతూ రెండో చేత్తో ముగ్గు పెట్టినట్టు. విడివిడిగా రెండు చేతులూ బుద్ధిమంతులే. కలిపారో, ఎడమచెయ్యి కుడిచేతిని చూసి కాపీ కొట్టడం మొదలుపెడుతుంది. వారం వారం చెప్పుకునే కష్టాల్లో సగం ఇవే: 'చేతులు కలవడం లేదు'.

కర్ణాటక సంగీతం నేర్చినవాళ్లకి ఇంకో తమాషా. మన మొదటి పాఠం మాయామాళవగౌళలో సరళీ స్వరాలు. పియానోలో మొదటి పాఠం సి మేజర్ స్కేలు. వరసగా తెల్లమెట్లు నొక్కుకుంటూ పోతే అవి మన శంకరాభరణం స్వరాలే. స్వరస్థానాలు తెలిసినవాళ్లకి ఇది పాత చుట్టం కనబడ్డట్టే ఉంటుంది. కానీ పలకరిస్తే పలకదు. పియానోలో మెట్టు నొక్కితే లోపల ఫెల్ట్ తొడిగిన సుత్తి తీగని కొట్టి వెంటనే వెనక్కి పడిపోతుంది. ఆ తర్వాత ఆ స్వరాన్ని ఊపడానికీ, జార్చడానికీ మీ చేతిలో ఏమీ లేదు. అంటే గమకం లేదు. వీణ వాయించినవాళ్లు ఇక్కడ చాలా అవస్థపడతారు. హార్మోనియం మీద కూడా మనవాళ్ల ఫిర్యాదుల్లో ఇదొకటి. ఆకాశవాణి 1940లో దాన్ని గడప దాటనివ్వకుండా చేసి, మూడు దశాబ్దాల తర్వాతగానీ నిషేధాన్ని సడలించలేదు.

మరి పియానోలో ఉన్నదేమిటి? గట్టిగా నొక్కితే గట్టిగా, మెల్లగా నొక్కితే మెల్లగా పలకడం. ఇప్పుడు వింటే ఇదో గొప్పా అనిపిస్తుంది గానీ, 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో బార్తొలొమియో క్రిస్టఫోరి ఈ వాద్యాన్ని తయారుచేసింది అందుకోసమే. అంతకుముందున్న హార్ప్‌సికార్డ్‌లో వేలు ఎంత బలంగా వేసినా ఒకటే మోత. ఆయన చేసినవాటిలో మూడే మిగిలాయి. 1720 నాటిది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

అందుకే, పిల్లల బొమ్మ కీబోర్డు మీద ఆర్నెల్లు సాధన చేసి అసలు పియానో ముందు కూర్చున్నవాళ్లు బిత్తరపోతారు. మెట్లు బరువు. వేళ్లకి ఆ బరువు మోయడం రాదు. 88 మెట్లూ ఉండి, పియానో బరువునే అనుకరించే డిజిటల్ పియానోలు ఇప్పుడు మన నగరాల్లోనూ దొరుకుతున్నాయి. తీగలున్న అసలు పియానో కొనాలంటే ధర ఒక్కటే కాదు సమస్య. ఏటా ఒకటి రెండుసార్లు శ్రుతి చేయించాలి. విశాఖ, కాకినాడల్లాంటి సముద్రపు గాలి ఉన్నచోట చెక్క ఉబ్బుతుంది, తీగ తుప్పుపడుతుంది. శ్రుతి చేసే మనిషి కోసం చెన్నైకో బెంగళూరుకో కబురుపెట్టాల్సి వస్తుంది. పెద్దవాళ్లకి డిజిటల్ పియానో ఎక్కువగా నచ్చడానికి ఇంకో కారణం కూడా ఉంది. హెడ్‌ఫోన్లు! ఒకే బార్‌ని నలభైసార్లు వాయిస్తే పక్క ఫ్లాటువాళ్ల సంగతి అటుంచండి, కట్టుకున్నవాళ్లే భరించలేరు.

పిల్లలు వదిలివెళ్లిన పియానో

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలో పియానో ఒక మామూలు సామాను. అమ్మాయి ఆరో ఏట కొంటారు. వారానికోరోజు క్లాసు. అమ్మ కారులో దింపుతుంది. అరగంటే కదా అని బయటే కూర్చుంటుంది. తలుపు సందులోంచి పాఠం వినబడుతూ ఉంటుంది. ఇంటికొచ్చాక 'ప్రాక్టీస్ చేశావా' అని రోజూ వెంటపడుతుంది. అలా పన్నెండేళ్లు. ఆ తర్వాత అమ్మాయి కాలేజీకి వెళ్లిపోతుంది. పియానో హాల్లో మిగిలిపోతుంది. పైన గ్రాడ్యుయేషన్ ఫొటోలు, పూలకుండీ.

తుడిచేటప్పుడు ఒకరోజు మూత తీసి ఒక మెట్టు నొక్కుతుంది అమ్మ. ఇంట్లో ఎవరూ ఉండరు. సిగ్గుపడాల్సిన పనిలేదు. అలా మొదలవుతుంది. పెద్దవయసులో నేర్చుకునేవాళ్ల కథలు వింటుంటే ఈ కథ పేర్లు మారి మళ్లీ మళ్లీ ఎదురవుతూనే ఉంటుంది. ఆమెకు ఆ పాఠాలన్నీ వినికిడిగా తెలుసు. ఏ పాటలో ఏ చోట పిల్ల తడబడేదో కూడా తెలుసు. ఆ చోటుకి వచ్చేసరికి తనూ తడబడుతుంది. వారాంతంలో ఫోను చేసి ఆ సంగతి చెబితే అవతల్నుంచి కూతురు అచ్చం పాత టీచరు గొంతుతో అడుగుతుంది: 'అమ్మా, ఎడమచెయ్యి విడిగా చేశావా? నిజం చెప్పు.'

ఇలాంటివాళ్లకి పియానో ఒక్కటే లక్ష్యం కాదని తెలుస్తూనే ఉంటుంది. చిన్నప్పుడు అన్నయ్యకి ట్యూషనూ తనకి వంటిల్లూ దొరికిన ఆడవాళ్లున్నారు. భార్య పోయాక సాయంత్రం ఏడునుంచి తొమ్మిదిదాకా ఇల్లు మాట్లాడని మగవాళ్లున్నారు. వారపు లెక్కల్లో ఇవేవీ చెప్పరు. 'మూడో లైను కుదిరింది' అని మాత్రం చెబుతారు.

ఎడిటరుగారి ఇరవై నిమిషాలు

పెద్దవాళ్ల పియానో కష్టాల్లో బాగా పేరుకెక్కినవి బ్రిటన్‌లో 'ది గార్డియన్' పత్రికను 1995 నుంచి 2015 దాకా నడిపిన ఎడిటర్ అలన్ రస్‌బ్రిడ్జర్‌వి. చిన్నప్పుడు నేర్చి, మధ్యలో ఏళ్ల తరబడి వదిలేసిన బాపతు ఆయన. 2010 వేసవిలో, యాభై ఆరేళ్ల వయసులో ఒక పంతం పట్టాడు. షోపాన్ రాసిన మొదటి బాలాడ్‌ని ఏడాదిలో వాయించాలని.

1836లో అచ్చయిన ఆ రచన 264 బార్లు ఉంటుంది. వాయించడానికి తొమ్మిదిపది నిమిషాలు. చివరి రెండు నిమిషాలూ నిప్పుల వాన. కచేరీలు చేసేవాళ్లే దాని ముందు ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు. 'ది పియానిస్ట్' సినిమాలో, జర్మన్ అధికారి ముందు హీరో వాయించేది ఈ బాలాడ్‌నే.

రోజుకి ఇరవై నిమిషాలు కేటాయించాలనుకున్నాడాయన. ఏడాది ఎలాంటిదో చూడండి. 2010 నవంబరులో వికీలీక్స్ పత్రాలు బయటపెట్టారు. 2011 మార్చిలో తమ విలేకరి లిబియాలో నిర్బంధంలో చిక్కుకుంటే విడిపించుకురావడానికి ట్రిపోలీ వెళ్లాడు. ఆ జులైలో ఫోన్ హ్యాకింగ్ కుంభకోణం ముదిరి, 168 ఏళ్ల చరిత్ర ఉన్న 'న్యూస్ ఆఫ్ ది వరల్డ్' మూతపడింది. దాన్ని తవ్వి తీసిన పత్రిక ఆయనదే. ఇన్నిటి మధ్యా పొద్దున్నే ఇరవై నిమిషాలు. దొరకని రోజులు బోలెడు. అనుకున్న ఏడాది దాటిపోయింది. చివరికి 2011 చివర్లో స్నేహితుల ముందు వాయించాడు. ఆ డైరీ 2013లో 'ప్లే ఇట్ అగైన్' పేరుతో పుస్తకంగా వచ్చింది.

ఏ మాటకామాట చెప్పుకోవాలి. ఆయనకున్న వసతులు అందరికీ ఉండవు. ఫలానా చోట వేలు ఎలా వెయ్యాలో అనుమానం వస్తే బారెన్‌బాయిమ్‌నీ, పెరాయానీ వెళ్లి అడిగిన మనిషాయన. ఉప్పల్‌లో ఉండి మాదాపూర్‌లో ఉద్యోగం చేసేవాడికి ఆ ఇరవై నిమిషాలు మెట్రోలోనే పోతాయి. అయినా ఆ డైరీ చదివినవాళ్లకి ఊరట కలిగించేది ఆయన విజయం కాదు, ఆయన మళ్లీ మళ్లీ మొదటికి రావడం. సోమవారం వచ్చింది, గురువారానికి పోయింది అని ఆ స్థాయి మనిషి రాసుకుంటే, మన తొమ్మిదో బార్ మీద కోపం కాస్త తగ్గుతుంది.

మనసుకి ఇంకా దగ్గరగా ఉండేది మరో కథ. అమెరికా పబ్లిక్ రేడియోలో వార్తలు చదివే నోవా ఆడమ్స్ యాభై దాటాక, ఏమీ రాకుండానే, ఒక స్టైన్‌వే పియానో కొనేశాడు. ఆయన ఎంచుకున్నది షూమన్ 1838లో రాసిన 'ట్రాయ్‌మెరై'. చూడ్డానికి చిన్నది, నిదానమైంది. కానీ వేళ్లు సాగదీసి నాలుగు గొంతుల్ని ఒకేసారి నిలబెట్టాలి. నెలవారీగా ఆ అవస్థల్ని రాసి 1996లో 'పియానో లెసన్స్' అనే పుస్తకం వేశాడు. అందులో సాధన తక్కువ, సాధన తప్పించుకోవడానికి చేసిన పనులు ఎక్కువ. క్యాసెట్లతో కూడిన కోర్సులు, కంప్యూటరు పాఠాలు, పెద్ద పెద్ద విద్వాంసులతో కబుర్లు... పెద్దవాళ్ల జబ్బే అది. వాయించడం కంటే వాయించడం గురించి చదవడం తేలిక.

మొదటి లైను రాగం, చివరి లైను రోగం

అందరూ ఎంచుకునే పాటల జాబితా దేశం మారినా పెద్దగా మారదు. బాక్ భార్య అన్నా మగ్దలీనా నోటుపుస్తకంలోని జి మేజర్ మెన్యుయెట్ ఒకటి. రెండువందల ఏళ్లకు పైగా బాక్‌దే అనుకున్నారు గానీ అది క్రిస్టియన్ పెట్సోల్డ్ రాసిందని తర్వాత తేలింది. 1722 నాటి బాక్ సి మేజర్ ప్రిల్యూడ్ ఇంకొకటి. 35 బార్లు, మొదట్నుంచి చివరిదాకా దాదాపు ఒకటే అల్లిక. రెండుచేతులూ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి కాబట్టి పేచీ తక్కువ.

ఇక బీతోవెన్ 'ఫ్యూర్ ఎలీజ్' వాయించాలని కోరుకోని మనిషి లేడు. 1810లో రాశాడు. ఆయన పోయిన 40 ఏళ్లకి, 1867లోగానీ అచ్చుకాలేదు. తైవాన్‌లో చెత్తబండ్లు వీధిలోకొస్తే ఈ ట్యూనే మోగిస్తాయి. అంతటి జనాదరణ! దీని మొదటిభాగం నెలా రెండు నెలల్లో పట్టుబడుతుంది. రెండోభాగంలో వేళ్లు పరిగెత్తాలి. లక్షలమంది అక్కడే ఆగిపోతారు. ఇంటికొచ్చిన చుట్టాలకి మొదటిభాగం వినిపించి 'మిగతాది ఇంకోసారి' అంటారు. ఆ ఇంకోసారి రాదు.

ఎందుకు రాదు? సాధన చేసే తీరులోనే ఉంది కిటుకు. పెద్దవాళ్లు కూర్చోగానే మొదటి బార్ నుంచి మొదలుపెడతారు. తప్పు వస్తుంది. మళ్లీ మొదటికి. మళ్లీ తప్పు. మళ్లీ మొదటికి. నెల తిరిగేసరికి మొదటిలైను అమృతంలా పలుకుతుంది, చివరిలైను మొహం కూడా తెలీదు. అనుభవజ్ఞులైన టీచర్లు దీన్ని తలకిందులు చేయిస్తారు. ముందు చివరి నాలుగు బార్లు. తర్వాత దానికి ముందు నాలుగు. అలా వెనక్కి వస్తే, వాయించేకొద్దీ తెలిసిన దారిలోకి అడుగుపెట్టినట్టు ఉంటుంది. వేగం సగానికి తగ్గించాలి. చేతులు విడివిడిగా చెయ్యాలి. ఇవన్నీ అందరికీ తెలుసు. ఎవరూ చెయ్యరు. నిదానంగా వాయించడానికి పిల్లలకంటే పెద్దవాళ్లకే సహనం తక్కువ. ఎందుకంటే పాట ఎలా ఉండాలో వాళ్ల చెవికి ముందే తెలుసు. చెవి యాభై ఏళ్లది, చెయ్యి రెండు నెలలది.

ఆదివారం మూడుగంటలు వాయించి మిగతా ఆరురోజులూ మూత తియ్యనివాళ్లకి ఒక సంగతి. 2002లో హార్వర్డ్‌లో మాథ్యూ వాకర్ బృందం ఓ ప్రయోగం చేసింది. కుడిచేతివాటం వాళ్లని కూర్చోబెట్టి ఎడమచేతి వేళ్లతో కీబోర్డు మీద ఒకే వరసని పదేపదే కొట్టించింది. అదేరోజు మెలకువగా ఉండి మళ్లీ కొడితే పెద్ద తేడా లేదు. రాత్రి నిద్రపోయి లేచాక కొడితే వేగం దాదాపు 20 శాతం పెరిగింది. రాత్రి ఎంత కొట్టుకున్నా రాని ముక్క పొద్దున్నే దానంతటది వచ్చేయడం పియానో వాళ్లందరికీ అనుభవమే. అది దేవుడి దయ కాదు, నిద్ర చేసిన పని. రోజుకి ఇరవై నిమిషాలైతే వారానికి ఏడు నిద్రలు కలిసొస్తాయి. ఆదివారం ఒక్కరోజే మూడుగంటలైతే ఒకటే.

వయసు మీరాక మెదడుకి పట్టుబడుతుందా అన్న అనుమానానికీ కొంత జవాబు దొరికింది. 60 నుంచి 85 ఏళ్ల మధ్యవాళ్లకి ఆరునెలలు పియానో పాఠాలు చెప్పి పరీక్షించిన ఫలితాలు 2007లో వెలువడ్డాయి. నేర్చుకోనివాళ్లతో పోలిస్తే వీళ్ల ఏకాగ్రత, పని జ్ఞాపకం మెరుగయ్యాయి. అలాగని మందు బిళ్లలా వేసుకునేది కాదిది. ఆ పేరుతో మొదలుపెట్టినవాళ్లు ఎక్కువకాలం నిలబడటం కూడా అనుమానమే. పాట మీద యావ ఉన్నవాళ్లే నిలబడతారు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ఉంగరపువేలు పుట్టుకతోనే బలహీనం. దాన్ని ఎత్తే కండరపు తాళ్లు పక్కవేళ్లతో ముడిపడి ఉంటాయి. ఎంత తిట్టినా విడిగా లేవదు. దాన్ని లొంగదీయాలని బలవంతంగా కసరత్తులు చేస్తే మణికట్టు, మోచెయ్యి నొప్పి పట్టుకుంటాయి. షూమన్ అంతటివాడు ఇరవై రెండేళ్లు వచ్చేసరికే కుడిచెయ్యి పాడైపోయి పియానో విద్వాంసుడయ్యే ఆశ వదులుకున్నాడు. రోజంతా కంప్యూటరు మీద టైపు చేసి వచ్చిన చేతులకి ఇది ఇంకా ముఖ్యం. నొప్పి వస్తే ఆ పూటకి మూత వేసెయ్యాలి.

పరీక్ష హాల్లో తాతగారు

గ్రేడ్ పరీక్షలు ఇంకో ముచ్చట. లండన్‌లో 1889లో పుట్టిన ఏబీఆర్ఎస్ఎం, అంతకంటే పాతదైన ట్రినిటీ... ఈ రెండింటి పరీక్షలూ భారతదేశంలో జరుగుతాయి. ఒకటి నుంచి ఎనిమిది గ్రేడులు. వయసు నిబంధన లేదు. అదే వచ్చింది చిక్కు. ఒకటో గ్రేడు పరీక్షకి వెళితే వరండాలో అందరూ నీళ్ల సీసాలు పట్టుకున్న పిల్లలే. మధ్యలో ఒక నెరిసిన తల. 'అంకుల్, మీ పాప లోపలుందా?' అని అడుగుతారు. 'కాదమ్మా, నాకే పరీక్ష' అనడానికి కొంచెం గుండె కావాలి.

2020లో కరోనా వచ్చాక వీడియో తీసి పంపే పరీక్షలు మొదలయ్యాయి. సిగ్గరులకి ఇది వరమనుకున్నారు. తీరా చూస్తే వరండా భయం పోయి ఎర్రలైటు భయం పట్టుకుంది. పాటలన్నీ ఆపకుండా ఒకేసారి రికార్డు చెయ్యాలి. మూడోపాట చివరిబార్‌లో వేలు జారితే మళ్లీ మొదట్నుంచి. ఇంట్లోవాళ్లని మరో గదిలో కూర్చోబెట్టి, ఫ్యాను ఆపి, సెల్‌ఫోను స్టాండుకి బిగించి, చెమటలు కక్కుతూ పదిహేడోసారి తీస్తున్నప్పుడు సరిగ్గా వంటింట్లో కుక్కరు విజిల్ వేస్తుంది!

ఏబీఆర్ఎస్ఎంలో 150కి 100 వస్తే పాసు. 120 అయితే మెరిట్, 130 అయితే డిస్టింక్షన్. మార్కుల కాగితం వచ్చినరోజున ఆరుపదులు దాటినవాళ్లు కూడా దాన్ని ఫ్రిజ్ మీద అతికించుకుంటారు. 104 వచ్చినా సరే. పరీక్షలు అక్కర్లేదనేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి ఎంచుకున్న నాలుగు పాటలూ తడుముకోకుండా వస్తే చాలు. ఇద్దరిదీ న్యాయమే.

ఎక్కువమంది మానేసేది మూడో నెలలో అంటారు నేర్పేవాళ్లు. కొత్త మోజు పోయి, పాట ఇంకా రాని కాలమది. అప్పుడే వారపు లెక్క పనికొస్తుంది. ఏమీ సాధించకపోయినా చెప్పడానికి ఒకచోటు ఉంటుంది. 'ఈ వారం అసలు మూత తియ్యలేదు, ఆఫీసులో ఆడిట్' అంటే అవతలివాళ్లు తిట్టరు. 'నాదీ అంతే, మనవడికి జ్వరం' అంటారు. తర్వాత ఎవరో ఒకరు అడుగుతారు, తొమ్మిదో బార్‌లో నాలుగో వేలు వేస్తున్నావా, మూడోదా అని. మూడో వేలు వేసి చూడమంటారు. ఆ రాత్రి పదిన్నరకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒకసారి వేసి చూస్తారు.